పటము విప్పి కథ చెప్పినవారు

ఈనాటి నా ప్రసంగవిషయము బొమ్మను చూపి కథ చెప్పు విద్య. ఇట్టి విషయమును రేడియోలో ముచ్చటింపబూనుట కొంత విడ్డూరముగనే తోచును. మీకు నా కంఠస్వరము మాత్రమే వినబడును గాని, నా చేత బొమ్మ యున్నను అది మీ కన్నులకు కనబడదు. అయినను మన పల్లెలలోని పెద్దలు చేతిలో ఏ వస్తువును లేకుండగనే, జరిగిపోయిన సంగతిని ఎదుటివారి కన్నులకు కట్టినట్లు చెప్పగలవారు. వారిని తలచుకొని ధైర్యము తెచ్చుకొని, ఈ విద్య మన దేశమున ఎంత ప్రాచీనమైనదో, మన తెలుగునాట ఎట్లు వర్ధిల్లినదో, దానివలన మనకు నేడు గల ప్రయోజనమేమో మనవి చేసెదను.

నా చిన్ననాటి సంగతితో ప్రారంభింతును. నాకు తొమ్మిదేండ్ల వయస్సున మా యూరికి కాకిపడగలవారు వచ్చిరి. ముదిరాజులకు పాండవుల కథ చెప్పుట వీరికి వంశపరంపరగా వచ్చిన వృత్తి. చీకటి పడగానే వారు వీధి నడుమ రెండు గుంజలు పాతి, అడ్డముగా నొక కర్ర కట్టి, దానికి పెద్ద పటమును వ్రేలాడదీసిరి. పటమంతయు నొక్కసారి విప్పలేదు. మూరెడు మాత్రమే విప్పి, తక్కినది చుట్టగనే యుంచిరి. మొదట విఘ్నేశ్వరుడు కనబడెను. ఎర్రని పూత మీద పసుపు, తెలుపు, నీలి రంగుల బొమ్మలు దీపపు వెలుతురున మెరయుచుండెను. కథకుడు సన్నని బెత్తముతో ఒక్కొక్క బొమ్మను తాకుచు పాడును; ప్రక్కవాడు మద్దెల వాయించుచు 'ఆహా' యనును. ఒక బొమ్మ ముగియగానే పటము మరికొంత జారును. ఈసారి ఎవరు వత్తురోయని మేము మెడలు చాచి చూచుచుంటిమి.

అర్ధరాత్రమునకు జూదపు బొమ్మ వచ్చెను. ధర్మరాజు చేతిలో పాచికలు ఉన్నవి. కథకుడు బెత్తపుకొనను ఆ చేతిమీద నుంచి, పాట నాపెను. మద్దెలయు నాగెను. అంతట ముందువరుసలో కూర్చున్న యొక ముసలమ్మ, "వద్దు నాయనా, వేయవద్దు" అని బిగ్గరగా ననెను. ఎవరును నవ్వలేదు. ఆమె ఆ కథను ఎన్ని పర్యాయములు వినియుండెనో లెక్క లేదు. ధర్మరాజు పాచికలు వేయుననియు, సమస్తమును కోల్పోవుననియు ఆమెకు తెలియును. తెలిసియు ఆపబోయెను. ఎన్నడో జరిగిపోయిన జూదము ఆ క్షణమున ఆమె యెదుట జరుగుచుండెను.

నేను పెద్దవాడనై శాస్త్రగ్రంథములను కొంత పరిచయము చేసికొన్న పిమ్మట, ఈ విషయమునే సుమారు 2,000 ఏండ్లకు పూర్వము ఒక మహావైయాకరణుడు విచారించి యుండెనని తెలిసికొని ఆశ్చర్యపడితిని. ఆయన పతంజలి. క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దివాడని పండితులు చెప్పుదురు. పాణిని సూత్రములకు ఆయన వ్రాసిన మహాభాష్యమున నొక ప్రశ్న వచ్చును. కంసుడు చచ్చి చిరకాలమైనది గదా. అట్టి యెడల 'కంసుని చంపించుచున్నాడు' అని వర్తమానకాలమున లోకులెట్లు పలుకుచున్నారు? దీనికి పతంజలి మూడు సమాధానములు చెప్పెను. అభినయించి చూపువారు మన యెదుటనే కంసుని చంపింతురు. చిత్రములలో ఎత్తిన యాయుధములును, పడుచున్న దెబ్బలును కన్నులకు కనబడును. గ్రంథము చదివి చెప్పువారు మాటలచేతనే ఆ వృత్తాంతమును వినువారి బుద్ధియందు నిలుపుదురు. కావున గతము వర్తమానమగుచున్నది. మా యూరి ముసలమ్మ వ్యాకరణ మెఱుగదు. అయినను పతంజలి చెప్పిన సంగతికి ఆమెయే నిదర్శనము.

పటము చేతబట్టి ఊరూర తిరిగినవారు మన ప్రాచీనకావ్యములలో పెక్కుచోట్ల కనబడుదురు. వారిలో యమపటమువారు ప్రసిద్ధులు. యమధర్మరాజును, ఆయన లోకమున పాపులకు గలుగు శిక్షలను వస్త్రముపై చిత్రించి, ఇంటింటికి చూపి, పాడి, భిక్షమెత్తుకొనెడివారు. విశాఖదత్తుని ముద్రారాక్షసనాటకమున చాణక్యుని వేగులవాడు నిపుణకుడు ఈ వేషముననే పాటలీపుత్రమున తిరుగును. ఒకనాడు వాడు చందనదాసు ఇంటిలో పటము పరచి పాడుచుండగా, లోపలినుండి అయిదేండ్ల బాలుడు కుతూహలముతో వెలికి రాబోయెను. ఒక స్త్రీ చేయి చాచి వానిని వెనుకకు లాగెను. ఆ తొందరలో ఆమె వ్రేలినుండి ఉంగరము జారి దొర్లివచ్చెను. అది రాక్షసమంత్రి ముద్రిక! దానితోనే చాణక్యుడు తన తంత్రమంతయు నడిపెను. ఎంత కట్టుదిట్టముగా దాచినను, ఆ యింటి రహస్యము పసివాని కుతూహలమువలన బయటపడినది. కవి కల్పించిన కథయే యైనను, ఇందు మనము మఱవరాని సత్యమొకటి గలదు. పటము తలుపులు తెరిపింపగలదు. తెరిచిన తలుపున ఏది ప్రవేశించునో అది పటము పట్టినవాని బుద్ధినిబట్టి యుండును.

బాణభట్టు హర్షచరిత్రమున మరియొక యమపటమువాడు కలడు. ఇది 7వ శతాబ్దిమాట. తండ్రి ప్రభాకరవర్ధనుడు తీవ్రజ్వరముతో నున్నాడని వార్త వచ్చినతోడనే హర్షుడు వేటను విడిచి, అన్నపానములు మాని, గుఱ్ఱముపై రాజధానికి పరుగున వచ్చెను. అంగడివీధిలో నొకడు ఎడమచేత కర్రకు తగిలించిన పటము పట్టి, కుడిచేతి రెల్లుపుల్లతో మహిషారూఢుడైన యముని చూపుచు, లోకబంధముల అస్థిరతను పాడుచుండెను. చుట్టును పిల్లలు గుమిగూడియుండిరి. రాజకుమారుడు ఆ మాటలు విని, మనస్సు కలగి ముందునకు సాగెను. కొలది దినములలో తండ్రి గతించెను. ఒక్క పటమే ఆ పిల్లలకు వినోదమైనది. ఆ కుమారునకు పిడుగుపాటైనది. వినువాని గుండెలో నేది యున్నదో కథ దానినే తాకును.

వస్త్రము చివుకును, రాయి నిలుచును. కావున ఈ విద్యకు సంబంధించిన మన తెలుగునేలలోని ప్రాచీనసాక్ష్యమును రాతియందు చూడవలసియున్నది. కృష్ణానదీతీరమున అమరావతిస్తూపము చుట్టు నిలిపిన పాలరాతివంటి సున్నపురాతి పలకలపై బుద్ధుని చరిత్రయు, జాతకకథలును చెక్కబడినవి. వానిలో నేడు చెన్నై ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్న యొక గుండ్రని పలకను మీకు మాటలతో చూపుటకు ప్రయత్నింతును.

అది సుమారు 2వ శతాబ్దిలో చెక్కినది. నలగిరి యను మదపుటేనుగును బుద్ధునిమీదికి తోలిన వృత్తాంతము అందలి విషయము. పలకలో ఎడమవైపున ఏనుగు నగరద్వారమునుండి వెలువడి, ఒక మనుష్యుని తొండమున బట్టి విసరుచున్నది. జనులు పరుగెత్తుచున్నారు. భయపడిన స్త్రీ యొకతె ప్రక్కవానిని పట్టుకొనినది. మేడల గవాక్షములనుండి మరికొందరు తొంగిచూచుచున్నారు. కుడివైపున ఆ ఏనుగే బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. ఒక్క పలకలో ఒక్క ఏనుగే రెండుమారులు కలదు. శిల్పి తెలివిమాలినవాడై యట్లు చేయలేదు. మన కన్ను ఎడమనుండి కుడికి పోవునంతలో మదము శాంతమగునట్లు చేసెను. ఆ రెండు ఏనుగుల నడుమ జరిగినదేమో చెప్పువాని మాట పూరింపవలసినది. ప్రదక్షిణము చేయువాని అడుగుతో రాతిపటము విచ్చుకొనుచుండును.

ఈ రాళ్లకు పట్టిన గతి కూడ చెప్పవలయును. 1797లో కాలిన్ మెకంజీ యను సర్వే అధికారి అమరావతికి వచ్చునప్పటికే దిబ్బను త్రవ్వి రాళ్లను కట్టడములకు కొనిపోవుచుండిరి. 1845లో వాల్టరు ఎలియట్టు త్రవ్వించిన పలకలు చెన్నపట్టణము చేరినవి; వానిలో పెక్కులు 1859లో సముద్రము దాటి లండనుకు పోయినవి. నేడు ఒకే స్తూపపు కథ కొంత చెన్నైలోను, కొంత లండనులోను, కొంత అమరావతిలోను ఉన్నది. పుటలు చెదరిన పుస్తకమువలె నైనది.

రాతినుండి తోలునకు వత్తము. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రమున ఆనాటి జనుల వినోదములను వర్ణించుచు బొమ్మలాటలను పేర్కొనెను. దీపమును వెనుక నుంచి, తెరపై రంగుతోలు బొమ్మలాడించు వారు నిన్న మొన్నటివరకు మన యూళ్లలో తిరిగిరి. అనంతపురము ప్రాంతమున నిమ్మలకుంటలో ఆ కుటుంబములు నేటికిని కలవు. 16వ శతాబ్దిలో, విజయనగర ప్రభువుల కాలమున, లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున కిరాతార్జునీయాది కథలను వరుసగా చిత్రించిరి. ఇవి దేవాలయమునకు పోయినవారు చూచునవి. ఇక దేవాలయమునకు పోలేనివారి వాకిటికి, పోనీయనివారి వాకిటికి కూడ తానే నడచివచ్చిన చిత్రశాల తెలంగాణపు పటము. దానినిగూర్చి కొంత విరివిగా చెప్పుదును.

చేర్యాల యను ఊరు 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో నున్నది. అచ్చటి పటచిత్రకారులను నకాశీలందురు. చిత్రణమను అర్థముగల 'నఖ్ష్' అను అరబ్బీమాటనుండి ఈ పేరు వచ్చినది. వీరు తెల్లని నూలుబట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, చెట్టుబంక కలిపిన పూతను మాటిమాటికి పూసి యారవేయుదురు. బట్ట గట్టిపడి, చుట్టినను పగులని పలకవలె తయారగును. పటము వెడల్పు సుమారు 3 అడుగులు. నిడివి 40 అడుగులకు మించినవియు కలవు. అందు నలుబది యేబది బొమ్మలు ఒకదాని క్రింద నొకటిగా నుండును. నడుమ పూలతీగల అంచు గీయుదురు. శంఖపుపొడి తెలుపు, దీపపుమసి నలుపు, ఇంగిలీకము ఎరుపు, నీలిమందు నీలము. ఉడుతవెండ్రుకలతో కట్టిన కుంచెతో సన్నగీతలు దిద్దుదురు.

ఈ పటములు గోడకు తగిలించుకొనుటకై వ్రాసినవి కావు. కథకులు పనిముట్టుగా వ్రాయించుకొన్నవి. తెలంగాణమున అనేక కులములకు తమ పురాణమును చెప్పు ఆశ్రితులు వేరువేరుగా కలరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయపురాణమును చెప్పుదురు. గౌడులకు గౌడజెట్టివారు, చాకలివారికి పటమువారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు నేను ముందు చెప్పిన కాకిపడగలవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారు మాత్రము పటమునకు బదులు కర్రబొమ్మలను వరుసగా నిలిపి చెప్పుదురు. ఒక్కొక్క కుటుంబమునకు ఇన్ని గ్రామములని హక్కు ఏర్పడియుండెను. వచ్చినప్పుడు ఊరివారు ధాన్యమో, రొక్కమో, మేకపోతో కట్టడిప్రకార మీయవలయును. కథకుడు నకాశీయింట కూర్చుండి కథ చెప్పి, తన క్రమమునకు తగినట్లు బొమ్మలు వ్రాయించుకొనును. కనుక పటములో చిత్రకారుని చేయియు, కథకుని నోరును కలసియున్నవి.

ఈ పటముల తీరు చూడగా, జనసమూహమునకు ఒక విషయమును తెలియజెప్పుటలోని మెలకువలు వీరికి చక్కగా తెలియునని స్పష్టమగును. ఒక బొమ్మలో ఒక్క సంగతియే యుండును. ఒక పాత్రకు మొదట ఏ రంగుమేను, ఏ వస్త్రము వ్రాసిరో కడవరకు అదియే యుండును; కట్టకడపటి వరుసలోని వాడు సైతము పోల్చుకొనవలయును గదా! నేపథ్యమంతయు ఎరుపు, రాత్రి దీపపువెలుతురున బొమ్మ ముందునకు వచ్చినట్లుండును. దేవతలైనను, రాజులైనను మన పల్లెవారి కట్టుబొట్టులతోనే కనబడుదురు. వారి యిండ్లలో మన కుండలు, మన మంచములు, మన చెట్లు. చెప్పబోవు బొమ్మ చుట్టలో దాగియుండును గాన వినువాడు ముందునకు పరుగెత్తి తానే కథ ముగించుకొనడు. అన్నిటికంటె ముఖ్యమైన దేమనగా, బొమ్మ తనంతట తాను ఏమియు చెప్పదు. బెత్తము తాకినప్పుడే ఆ బొమ్మ మేల్కొనును.

ఇంతకును ఆ కథలలో నేముండెను? వినోదము మాత్రమే కాదు. పద్మశాలీల పటములో భావనాఋషి తామరనూలుతో దేవతలకు వస్త్రము నేయును. మగ్గపుగుంటలో కాళ్లు దింపి పగలంతయు కూర్చుండు నేతగాడు, రాత్రి ఆ బొమ్మ చూచి, దేవతల మానము కాపాడినది మా వంశమే యని తెలిసికొనెడివాడు. డక్కలివారు చెప్పు జాంబపురాణమున భూమి పుట్టకమునుపే పుట్టిన ఆదిపురుషుడు జాంబవుడు. ఏ జనులను ఊరు వెలివాడలో నుంచినదో, ఆ జనులు తమ పటములో సృష్టికి మొదటనే యున్నారు. వారిని గూర్చి శాసనము వేయించిన రాజు లేడు. కావ్యము వ్రాసిన కవి లేడు. వారికి వ్రాత నేర్పినవారును లేరు. అందుచేత వారు తమ చరిత్రను బొమ్మలుగా వ్రాయించుకొని, కంఠమునకు ఒప్పగించిరి. మనము చరిత్రయని చదువుకొనునది రాజుల తేదీలతో నిండియున్నది. ఈ పటములలో తేదీలు లేవు, కాని 'మేమెవరము?' అను ప్రశ్నకు సమాధానమున్నది. తేదీలు లేనంతమాత్రమున దానిని త్రోసివేయుట న్యాయము కాదు.

పటమును వారు ప్రాణముగల దానినిగనే చూచిరి. క్రొత్త పటమునకు పూజ చేసి, కడపట కన్నులు దిద్ది, కథకునకు అప్పగించెడివారు. వాడి వాడి చినిగిన పటమును చెత్తలో పారవేయరు. మనుష్యునకు జరిపినట్లు కర్మ జరిపి, నదిలో కలిపెడివారు. అతిప్రాచీనమైన పటములు మనకు దొరకకపోవుటకు ఇదియు నొక కారణము.

ఇంతగా వర్ధిల్లిన విద్య ఎట్లు క్షీణించెను? 1932లో మొదటి తెలుగు మాటలచిత్రము 'భక్త ప్రహ్లాద' విడుదలయ్యెను. క్రమముగా డేరాసినిమాలు పల్లెలకు వచ్చెను. కదలని బొమ్మకు కర్రతో ప్రాణము పోయువాని యెదుటినుండి జనులు లేచి, కదలెడు బొమ్మకడకు పోయిరి. చేతివృత్తులు చితికినవి; ఇచ్చువారికే లేనప్పుడు ఆశ్రితులకు హక్కేమి మిగులును? పటము వ్రాయించువారు లేక నకాశీ కుటుంబములు కొలదిగా మిగిలెను. మిగిలినవారు చిన్నచిన్న పటములను, పుణికికర్ర బొమ్మలను చేసి పట్టణములలో అమ్మసాగిరి. చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. దానివలన చిత్రకారుని పొయ్యి వెలుగుచున్నది. అది సంతోషించదగిన విషయము. కాని ఆ బొమ్మతో కథ పోవుటలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక ప్రదర్శనశాలలో అద్దపు పెట్టెలోపల నొక పెద్ద పటమును చూచితిని. పై మూడు బొమ్మలు మాత్రము విప్పి, తక్కినది చుట్టియుంచిరి. ప్రక్కన చిన్న చీటిమీద బట్టపై రంగులని వ్రాసియుండెను. వచ్చినవారు నిలుచుండి, రంగులు బాగున్నవని ముందునకు పోవుచుండిరి. నా చేయి బెత్తముకొరకు వెదకెను. చెప్పుటకు నాకును ఆ కథ రాదు.

ఇట్లనగా బొమ్మకు కథ యవసరము గాని, కథకు బొమ్మ యవసరము లేదని కాదు. చదువురానివారికి విషయమును అందించుటకు బొమ్మకంటె దగ్గరదారి లేదని 20వ శతాబ్దిలో ప్రభుత్వములు కూడ గుర్తించెను. 1910లో బరోడామహారాజు సయాజీరావు గైక్వాడు అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయనిపుణుని రప్పించి, సంస్థానమంతట గ్రంథాలయములు నెలకొల్పించెను. పుస్తకము చదువలేనివారి సంగతి యేమని ప్రశ్న రాగా, ఆ శాఖయందే దృశ్యబోధ విభాగము నేర్పరచి, మాజిక్ లాంతరును, అద్దపుబొమ్మలను గ్రామములకు పంపిరి. చీకటిలో తెల్లగుడ్డపై వెలుగుబొమ్మ, ప్రక్కన చెప్పువాడు! యమపటమువానికి క్రొత్త దీపము దొరికినదన్నమాట.

నేడు ఆ దీపము మరింత ప్రకాశవంతమైనది. దానిని పట్టుకొన్నవారిలో కథ చెప్పువారు మాత్రము తగ్గిరి. నేను చూచిన సభ నొకదానిని మీకు చెప్పుదును. ఒక గ్రామమున భూగర్భజలములు తగ్గిపోవుచుండగా, ఆ విషయమును ప్రజలకు తెలుపుటకై యొక యువకుడైన అధికారి వచ్చెను. మంచివాడు, విషయము తెలిసినవాడు. గోడపై వెలుగుబొమ్మలు వేసెను. ఒక్కొక్క బొమ్మలో పదేసి గీతలు, ఇరువదేసి అంకెలు, చీమలబారువంటి అక్షరములు. వానినే ఆయన చదువుచుండెను. అరగడియకు సగము మంది తలలు వాల్చిరి. ఆయన చెప్పినదానిలో అసత్యమొక్కటియు లేదు. కాని ఎవనికిని అది తన సంగతియని తోచలేదు.

అప్పుడు వెనుకనుండి యొక వృద్ధరైతు లేచి, "అయ్యా, తమరు సెలవిచ్చిన మాటనే నేనొకసారి మావాండ్లకు చెప్పుకొందునా?" అని యడిగెను. చేతికర్రతో చావడి యెదుటి మట్టిలో నొక గీత గీయ నారంభించెను. నిలువునకు నొక జానెడు చొప్పున లెక్క. "ఇది మా తాత త్రవ్విన బావి. నాలుగు నిలువులకు నీరు. మోట తోలినాడు." గీత మూడడుగులు. "ఇది మా నాయన దింపినది. తొమ్మిది నిలువులు. నూనె ఇంజను." ఆ గీత ప్రక్కననే మరియొక గీత, దానికి రెండింతలకు పైగా. "ఇది నేను వేసిన బోరు. రెండువందల అడుగులు." ఈసారి అతడు గీయుచు వెనుకకు నడచి, కూర్చున్నవారి కాళ్లదాక వచ్చెను. "ఇక ఇది నా కొడుకు నిరుడు వేసినది." ఆ గీత జనములోనికి వచ్చెను. జనులు లేచి దారి యిచ్చిరి. అతడు గీయుచునే యుండెను. చావడి దాటెను, వీధి దాటెను, ఎదుటియింటి గోడవరకు పోయి నిలిచెను. అచ్చటినుండి కేకవేసి యడిగెను: "ఏడువందల అడుగులు. నీరు పడలేదు. మనుమడు ఎక్కడికి పోయి గీయవలెనురా?"

ఎవరును మాటాడలేదు. అధికారి ఆ గీతవెంట మెల్లగా నడచిపోయి ఆ వృద్ధునకు నమస్కరించెను. అది ఆయన గొప్పతనము. ఆ సాయంకాలమే ఊరివారు రెండేండ్లవరకు క్రొత్తబోరు వేయరాదనియు, చెరువు పూడిక తీయవలయుననియు తీర్మానించుకొనిరి. ఆ తీర్మానము అక్షరాల నిలిచినదని చెప్పజాలను; మరుసటి వేసవిలో ఇద్దరు దానిని మీరిరి. చెరువు పూడిక మాత్రము తీసిరి.

ఆ రైతు ఏ పాఠశాలలోను ఈ విద్య నేర్వలేదు. అయినను పటకథకుడు చేసినదంతయు చేసెను. ఒక్కసారికి ఒక్క గీత. అంకెకు ముందు మనుష్యుడు. ఎదుటివారెరిగిన తాత, ఎదుటివారెరిగిన మోట. రాబోవు గీత ఎంతయో ముందుగా తెలియనీయలేదు. కట్టకడపటి బొమ్మను గీయక, దానిని వినువారి చేతికే వదలెను. అధికారి అంకెలు లేనిచో అతని కథ యొక కుటుంబపు గోడు మాత్రమై పోయెడిది. అతని గీత లేనిచో ఆ యంకెలు గోడమీదనే ఆరిపోయెడివి. సత్యమునకు ఈ రెండును కావలయును. సత్యము లేనిచో ఈ రెండును కలసి ఎంతటి మోసమునైన చేయగలవని నిపుణకుడు మనకు ముందే చెప్పియున్నాడు. కావున బొమ్మ చూపువానిని, "ఇది నీవెక్కడ తెలిసికొంటివి?" అని యడుగు హక్కును మనము వదలుకొనరాదు.

పెద్దలకు నా విన్నప మొక్కటి. మీ గ్రామమున ఏ యింటి అటకమీదనైన పాత పటము చుట్టి యున్నదేమో విచారింపుడు. ఉన్నచో దానిని అమ్మకముందు, నీట కలుపకముందు, ఆ కథ చెప్పగల వృద్ధుని వెదకి పిలిపింపుడు. ఒక రాత్రి వీధి నడుమ దానిని పూర్తిగా విప్పించి, కథను కడవరకు చెప్పింపుడు. మీ మనుమల చేతులలో ఫోనులున్నవి. ఆ కంఠమును, ఆ బొమ్మలను వానిలో పట్టియుంచుమనుడు. పటము లేకున్నను చింతలేదు. మీ బావి, మీ చెరువు, మీ యూరికి వచ్చిన కరవు, మీరు చూచిన వరద, ఇవి మీకు తెలియును. ఒక కర్రపుల్ల తీసికొని మట్టిలో గీచి పిల్లలకు చెప్పుడు.

నేను చిన్ననాడు చూచిన ఆ పటము సంగతి చెప్పి ముగింతును. జూదపు బొమ్మ తరువాత నాకు నిద్ర వచ్చెను. తెల్లవారి లేచునప్పటికి గుంజలు పీకివేసి, పటము చుట్టి, కాకిపడగలవారు పొరుగూరికి పోయిరి. మరల వచ్చినప్పుడు తక్కిన కథ విందమని యనుకొంటిని. వారు మరల రాలేదు. అరణ్యవాసపు బొమ్మలో భీముడెట్లుండెనో, విరాటుని కొలువులో ద్రౌపది యే రంగు చీర కట్టినదో నేను చూడలేదు. గ్రంథములలో ఆ కథను ఎన్నో పర్యాయములు చదివితిని. అయినను నా పటము నేటికిని ధర్మరాజు చేతిలోని పాచికలకడనే ఆగియున్నది. మీ యూరి పిల్లల పటము అట్లు నడుమ ఆగకుండునట్లు చూడుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.